మొహం చూసి పాట సవరించేవాడు

పోయిన నెల కొత్త ట్రక్కు తీసుకున్నాను. కొత్తదంటే నాకు కొత్త. ఎవరో రెండేళ్లు నడిపి అమ్మేసిన చిన్న ట్రక్కు. అన్నం గంగాళాలు, పప్పు డేక్సాలు మోయడానికి నాకది చాలు. బండి బాగానే ఉంది గానీ, అందులో కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన స్పీకర్లు వింటే ఏడుపొచ్చింది. పాడే మనిషిని గోనెసంచిలో కట్టేసి పాడమన్నట్టుంది. సూరత్‌లో ఆల్థాన్ దగ్గర బండ్లకి పాటల పెట్టెలు బిగించే పెద్ద అద్దాల దుకాణం ఒకటుందంటే తీసుకెళ్లాను. దాని యజమాని తలుపైనా తీసి చూడకుండా అన్నీ మార్చాలన్నాడు. ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు, సీటు కింద ఒక పెద్ద డబ్బా, పైన తెర ఉన్న ప్లేయరు. ఆయన చెప్పిన ధరకి నేను నడిపే మెస్సుకి నెల బియ్యం వస్తాయి.

నేను తలుపు రేకు మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టాను. డొల్ల చప్పుడు. ముందు ఈ తలుపు లోపల నింపండి, స్పీకర్ల సంగతి తరువాత చూద్దాం అని హిందీలో చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "ఆంటీ, యే కామ్ కిస్‌నే సిఖాయా?" అన్నాడు. ఈ పని ఎవరు నేర్పారని. ఎవరి పేరు చెప్పను? నేర్పిన మనిషి పోయి అప్పటికి పదిహేను రోజులు. మా కార్మికుల ఫోన్ గ్రూపులో దండ వేసిన ఫోటో వచ్చింది. దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భేస్తాన్‌లో పంక్చర్ దుకాణాన్ని ఆనుకుని ఆయనకొక రేకుల డబ్బా ఉండేది. బోర్డు లేదు. మేకులకి పాత స్పీకర్లు వేలాడుతుంటే అదే బోర్డు. ట్రక్కులకీ టెంపోలకీ పాటల పెట్టెలు బాగుచేయడం ఆయన పని. జగిత్యాల వైపు మనిషి. మా ఊళ్లకి మధ్య ఎంతో దూరం లేదు గానీ చుట్టరికం ఏమీ లేదు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. సూరత్‌లో మనవాళ్లకి అంతకన్నా పెద్ద చుట్టరికం అక్కర్లేదు.

మొదటిసారి వెళ్లిన రోజే పోట్లాట పెట్టుకున్నాను. అప్పుడు నా పాత ట్రక్కు. భేస్తాన్‌లో వండిన అన్నం రోజూ కిమ్ అనే ఊళ్లో మగ్గాల కార్ఖానాలకి తీసుకెళ్లేదాన్ని. పోనూ రానూ రెండు గంటల పైన. పొద్దున మూడింటికి పొయ్యి ముట్టించిన మనిషికి తనదంటూ ఉండేది ఆ రెండు గంటలే. నాలుగు పాటలు వినాలని ఆశ. ఆ సంగతే చెబుతుంటే ఆయన నా కళ్లలోకి కాదు, సరిగ్గా నా నోటి వంక చూస్తున్నాడు. రెప్ప వేయడు. నాకు ఒళ్లు మండింది.

"ఏందన్నా, ఎన్నడు ఆడమనిషిని జూడనట్టు గట్ల జూస్తున్నవ్?"

ఆయన నొచ్చుకోలేదు. పంక్చర్ దుకాణం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మూతి జూడకపోతే మాట తెల్వది చెల్లె. ఇరవై ఎనిమిదేండ్లు సాంచల నడుమ ఉన్న. దరువు ఇనవడ్తది. మాట ఇనవడది. ఎవ్వలకు చెప్పకు. సౌండు జేసెటోనికి చెవులు లేవంటే ఎవడన్న బండి ఇస్తడా?"

సాంచలంటే మరమగ్గాలు. వాటి మధ్య బతికినవాళ్లకి అది కొత్త సంగతి కాదు. నా మొగుడు వాటి దగ్గరే మోకాళ్లు పోగొట్టుకున్నాడు. నేనూ పెళ్లయిన కొత్తలో అక్కడ కండెలు చుట్టాను. ఆ మోతలో అరిచి లాభం లేదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదవులు మాత్రమే కదిలిస్తారు. ఎదుటి వరుసలో ఉన్నవాడితో పెళ్లి సంబంధాలు కూడా అలాగే మాట్లాడుకుంటారు. ఆ సంగతి తెలిసి కూడా మనిషిని అంత మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాను. నా నోరు మంచిది కాదని నాకెప్పుడూ తెలుసు. తెలిసి ఏం చేసుకున్నాను, అది వేరే సంగతి.

"నాతాన పైసల్ తక్కువున్నయ్ అన్నా" అన్నాను ఆ రోజు, ఈసారి నోరు బాగా తెరిచి.

"మంచిగైంది. ఎక్కువుంటే ఖరాబ్ చేస్కుంటరు."

ఆయన పద్ధతే అది. ముందు ఏదీ కొననివ్వడు. కంపెనీ స్పీకరు మీద ఆయనకి కోపం లేదు. "గది మంచిదే. డొల్ల రేకుకు బిగించిండ్రు, గది ఏం జేస్తది పాపం" అనేవాడు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, రేకుకి ఇంటి కప్పుల మీద వేసే తారు పట్టీలు అంటించి, అరచేత్తో రుద్ది రుద్ది అతికించేవాడు. తరువాత మగ్గాల దగ్గర కత్తిరించి పారేసే బట్ట పీలికలు తెచ్చి సందుల్లో కుక్కేవాడు. వాటిని ఇక్కడ చిందీ అంటారు. సూరత్‌లో ఊరికే దొరికేది అదొక్కటే. అద్దం దిగే దారికి అడ్డం రాకుండా ఎక్కడెంత కుక్కాలో ఆయన వేళ్లకి తెలుసు. చిందీ కుక్కిన తలుపు వేసి చూస్తే, ధన్‌మని మోగే తలుపు మెత్తగా మూసుకునేది. సగం పని అక్కడే అయిపోయేది.

వెనక కూడా రెండు స్పీకర్లు పెట్టమని అడిగితే నన్ను చూసి నవ్వాడు. "ఎనుక ఎవలికి పాట? డేక్సాలకా?" అన్నాడు. ముందు రెండింటినీ మాత్రం ఒక విరిగిన కారులోంచి తీసిన వాటితో మార్చాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గోడ గడియారంలో వేసే చిన్న సెల్లు ఒకటి ఉండేది. స్పీకరు తీగలకి దాన్ని తాకించి, మధ్య భాగం మీద వేలు ఆనించి, అది ముందుకొచ్చిందా వెనక్కి పోయిందా అని చూసేవాడు.

"రెండు ఒక్కతీరుగ ముందట్కి రావాలె చెల్లె. ఒకటి గిట్ల ఒకటి గట్ల పోతే పాట నడుమల పడిపోతది."

బండికి రేస్ ఇచ్చినప్పుడల్లా స్పీకర్లోంచి కుయ్యిమని కూత వచ్చేది. అది ఆయనకి వినపడదు కదా, నేనే చెప్పాను. ఎర్త్ తీగని తుప్పు పట్టిన బోల్టు నుంచి ఊడదీసి, రేకు మెరిసేదాకా గీకి, వేరేచోట బిగించాడు. కూత ఆగింది. ఆగిందా అని నన్ను అడగలేదు. నా మొహం చూసి స్పానరు కింద పెట్టేశాడు.

అసలు విద్య అక్కడుంది. బిగించడం అయిపోయాక బండి యజమానిని సీట్లో కూర్చోబెట్టి, నీకు ఇష్టమైన పాట నువ్వే పెట్టుకో అనేవాడు. ఏ పాటో ఆయనకి అక్కర్లేదు. తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక అరచేయి రేకుకి ఆనించి, రెండో చేత్తో మీటలు తిప్పుతూ మనిషి మొహం చూసేవాడు. నాకు ఒకసారి వివరంగా చెప్పాడు. "కండ్లు చిన్నగ జేస్తే పై సప్పుడు చెవుల గుచ్చుతుందన్నట్టు. నొసలు ముడిస్తే మాట తెలుస్తలేదన్నట్టు. తల ఊపుడు షురువైతే ఇగ చెయ్యి తియ్యాలె. తియ్యకపోతే చెడగొడ్తం."

నేను పెట్టుకున్నది బతుకమ్మ పాట. మా ఊరి ఆడవాళ్లు పాడుతుంటే ఎవరో ఫోన్‌లో పట్టినది. మొదట అన్నీ చప్పట్లే వినపడ్డాయి. ఆయన ఒక మీట కొంచెం తగ్గించాడు. గొంతులు పైకి లేచాయి. ఇంకొంచెం కదిపాడు. రెండు చరణాల మధ్య పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడింది. సూరత్ వచ్చాక అంత దగ్గరగా మా ఊరి మనిషి ఊపిరి నేను వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెంటనే రెండు చేతులూ వెనక్కి తీసేసుకున్నాడు.

"అయింది. ఇగ ముట్ట."

"అన్నా, నీకు ఇనవడకుంట ఎట్ల తెలుస్తది?"

"నువ్వు ఇన్నవ్ గదా" అని, కిందపడ్డ చిందీ ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన్ని చూసి జనం నవ్వుకునే సంగతులు ఇంకా ఉండేవి. దుకాణానికి వచ్చినవాడి నోట్లో మావా, అంటే పొగాకు కలిపిన వక్క, ఉంటే మాట్లాడనిచ్చేవాడు కాదు. సూరత్‌లో డ్రైవర్ నోట్లో మావా లేకపోవడం ఎక్కడుంది? "పహలే థూకో, ఫిర్ బోలో" అని గుమ్మం దగ్గరే ఆపేసేవాడు. ముందు ఉమ్మి, ఆ తరువాత మాట్లాడాలి. శుభ్రం ఎక్కువైన మనిషి అని డ్రైవర్లు అనుకునేవారు. బుగ్గలో ఉండ పెట్టుకుని మాట్లాడితే పెదవులు అందవని నాకు తెలుసు. బండి అదిరిపోయేలా సౌండు కావాలని ఎవరైనా అడిగితే, "దడదడ కావాల్నంటే సాంచల కాడికి పో, జీతం గూడ ఇస్తరు" అని తెలుగులోనే తిట్టేవాడు. వాళ్లకి అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం పొట్ట చెక్కలయ్యేది.

కరోనా వచ్చినప్పుడు అందరికీ జబ్బు భయం, ఆయనకి మాస్కుల భయం. మూతులన్నీ మూసుకుపోయాయి. లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా ఆయన దుకాణం తెరవలేదు. జబ్బంటే భయపడుతున్నాడని అనుకున్నారు. నేను అన్నం గిన్నె తీసుకుని ఆయన గదికి వెళ్లి, తడిక అవతల నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి మాట్లాడితే ఆయన ముఖం విప్పారింది. వారం రోజులుగా ఎవరి మాటా తెలియలేదట.

"దుకాణం తెరువు. నేనొచ్చి నిలవడ్త" అన్నాను.

కిమ్ నుంచి తిరిగొచ్చాక రోజూ ఒక గంట అక్కడ నిలబడేదాన్ని. బండివాడు ఆయన ఎదురుగా మాస్కు పెట్టుకుని హిందీలో చెబుతుంటే, నేను వాడి వెనక నిలబడి, మాస్కు దించి, గొంతు లేకుండా, పెదవులతో తెలుగులో చెప్పేదాన్ని. ఎడమ స్పీకరు పోయిందంటున్నాడు. రేపటికి కావాలంటున్నాడు. వీడు అబద్ధాలకోరు, ముందే డబ్బు తీసుకో. అది వాడు చెప్పింది కాదు, నేను కలిపింది. ఆయన నవ్వు ఆపుకోలేక పనిముట్ల పెట్టెలో తల దూర్చేవాడు. ఎన్ని నెలలు అలా గడిచాయో. ఆ రోజుల్లో ప్రపంచం అంతా ఏడుస్తుంటే, ఆ రేకుల డబ్బా ముందు నేను సుఖంగా నవ్వుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అది నిజం.

మాస్కులు పోయాయి. పని మళ్లీ పుంజుకుంది. ఒక రోజు మా మెస్సుకి అన్నానికి వచ్చి, ఎన్నడూ లేనిది, ముద్ద నోట్లో పెట్టకముందే మాట మొదలుపెట్టాడు.

"ట్రాన్స్‌పోర్టు శేఠ్ ఒకాయన వచ్చిండు చెల్లె. ఎనిమిది బండ్లున్నయ్. రేపు ఒక బండి తెస్త, నచ్చితే అన్ని నీకే అన్నడు. మావా గూడ ఉమ్మిండు నేను అనంగనే."

"ఇంకేంది అన్నా, ఎనిమిది బండ్లంటే సంవత్సరం పని."

"దేవునికి తెలియాలె. నువ్వు మాత్రం నోరు జర భద్రం."

ఆట పట్టించడానికే అన్నాడు. ఆయన అన్న మాట మీద ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మరునాడు నా బండి కూడా అక్కడే ఉంది. తలుపు అట్ట ఊడి, అద్దం సగంలో ఇరుక్కుంటే పొద్దున ఏడింటికే వదిలి వెళ్లాను. పది లోపు ఇస్తానన్నాడు. కిమ్‌లో కార్మికులకి అన్నం తినడానికి అరగంటే సెలవు. ముందు రోజు కూడా ఆయన దగ్గర బండి పని తెమలక నేను ఆలస్యంగా వెళ్తే వాళ్లు అరటిపండ్లు తిని మగ్గాల దగ్గరికి పోయారు. ఇంకోసారి ఇలా అయితే వేరే మెస్సు చూసుకుంటానని అక్కడి మేస్త్రీ నా మొహం మీదే చెప్పాడు. పదిన్నరకి నేను వెళ్లేసరికి నా తలుపు నేల మీద ఉంది. ఆయన శేఠ్ తెచ్చిన కొత్త ట్రక్కు దగ్గర కూర్చున్నాడు.

వెనక నుంచి పిలిచాను. పలకలేదు. పలకడని తెలిసి కూడా ఇంకా గట్టిగా పిలిచాను. చివరికి చొక్కా పట్టి లాగితే తిరిగాడు.

"జర ఆగు చెల్లె. అర్ధగంటల అయితది."

"అర్ధగంట నాకేడిది? నిన్న గిట్లనే జేస్తివి."

"శేఠ్ నిలవడ్డడు గదా. జర సమజ్ చేస్కో."

మళ్లీ అటు తిరిగాడు. అటు తిరిగితే నా మాట అక్కడితో ఆగిపోయినట్టే. ఇంట్లో నలభై మందికి వండిన అన్నం చల్లారుతోంది. నా కోపం నెత్తికెక్కింది. కోపంలో తెలుగులో ఎన్ని తిట్టినా ఇప్పుడింత బాధ ఉండేది కాదు. నేను తెలుగులో తిట్టలేదు. శేఠ్ వైపు తిరిగి, ఆయనకి అర్థమయ్యే భాష చూసుకుని, నింపాదిగా హిందీలో అన్నాను.

"శేఠ్‌జీ, ఆప్ గాడీ కిస్‌కో దే రహే హో? ఇస్‌కో సునాయీ నహీ దేతా. బహరా హై."

బండి ఎవరికి ఇస్తున్నారు, ఇతనికి వినపడదు, చెవిటివాడు అని. శేఠ్ వెళ్లిపోతే నా బండి పని ముందు అవుతుందన్న లెక్క ఆ క్షణంలోనే నా బుర్రలో ఉంది. కోపంలో నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు.

శేఠ్ మొదట వేళాకోళం అనుకుని నవ్వాడు. తరువాత మెల్లగా ఆయన వెనక్కి వెళ్లి, తల వెనక రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టాడు. పంక్చర్ దుకాణం ఆయన తలెత్తి చూశాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ఆగారు. ఈయన మాత్రం అటు తిరగలేదు. నేను శేఠ్‌తో మాట్లాడుతున్నప్పుడే ఎందుకో ఒకసారి తల తిప్పి నన్ను చూసినవాడు అలాగే ఉండిపోయాడు. నేను అన్నదంతా నా పెదవుల మీద ఆయన చూశాడు. హిందీ ఆయనకి బాగా అందేది.

శేఠ్ బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఈయన లేచాడు. వచ్చి నా తలుపు ఎత్తి బిగించాడు. అద్దం ఎక్కించి దించి చూశాడు. తాళంచెవి నా చేతికిచ్చి, "పో చెల్లె. ఆకలి మీదుంటరు" అన్నాడు. ఆ రోజు నేను వేళకే కిమ్ చేరాను. అందరూ కడుపునిండా తిన్నారు.

భేస్తాన్ ఎంత? ఒక టీ బండి నుంచి ఇంకో టీ బండికి ఆ మాట సాయంత్రానికే చేరింది. చెవిటివాడు సౌండు ఫిట్ చేస్తాడట అని డ్రైవర్లకి ఒక నవ్వులాట దొరికింది. వాళ్లలో సగంమంది బండ్లలో ఆయన సవరించిన పాటలే మోగుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కొందరు సరదాకి వచ్చి వెనక నిలబడి చప్పట్లు కొట్టి పోయేవారట. వానాకాలం వచ్చేసరికి ఆయన దగ్గరికి తెగిన తీగలు అతికించుకోవడానికి తప్ప ఎవరూ రావడం లేదు. మెస్సుకి మాత్రం మామూలుగానే వచ్చేవాడు. ఎంత అన్నం పెట్టినా, ఎన్నిసార్లు పప్పు వేసినా, నన్ను ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చో, పోట్లాడో బయటపడేదాన్ని. ఆయన ఆ అవకాశం నాకు ఇవ్వలేదు.

దసరా ముందు ఒక రోజు అన్నం తిని చేయి కడుక్కుంటూ చెప్పాడు.

"ఊరికి పోతున్న చెల్లె. దుకాణం ఖాళీ జేస్తున్న. నీ బండి తలుపు ఊగుతుంది, మొన్న పోతుంటే జూసిన. తీస్కరా, పోయేలోపు జేసి పోత."

తీసుకెళ్లాను. మేకుల మీద స్పీకర్లు లేవు. పనిముట్లు మాత్రం ఒక సంచిలో ఉన్నాయి. ఆయన తలుపు అట్ట ఊడదీసి, నేల మీద మోకాళ్లు ఆనించి, తల తలుపు సందులో పెట్టి పాత చిందీ బయటికి లాగుతున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఇంకెప్పుడు చెబుతానని చెప్పేశాను.

"అన్నా, ఆనాడు నేను కావాల్ననే అన్న. శేఠ్ పోవాల్ననే హిందీల అన్న. నా బువ్వ కోసం నీ కడుపు మీద కొట్టిన. తప్పయింది అన్నా."

గొంతు తగ్గించలేదు. పంక్చర్ దుకాణం ఆయనకి తెలుగు రాదు, అయినా చేతిలో పని ఆపి నన్ను చూశాడు. ఈయన చిందీ లాగుతూనే ఉన్నాడు. నా మాట ఏదీ ఆయన దాకా పోలేదు. పోదని నాకు తెలుసు. తెలిసే ఆ వేళ ఎంచుకున్నానేమో కూడా నాకిప్పటికీ తేలదు. చెప్పేశానని మాత్రం ఛాతీ మీద బరువు దిగినట్టయింది.

కాసేపటికి తల బయటికి తీసి స్క్రూడ్రైవర్ కోసం చేయి చాచాడు. పంక్చర్ ఆయన ఇద్దరి వంకా చూస్తుండటం గమనించి, నా వైపు తిరిగాడు.

"ఏమన్న అన్నవా చెల్లె?"

ఆయన చూపు నా నోటి మీద నిలిచింది. నాలుగు మాటలు. మళ్లీ ఒకసారి పెదవులు కదిపితే చాలు, గొంతు కూడా అక్కర్లేదు. శేఠ్ ముందు అంత నింపాదిగా తెరుచుకున్న నోరు ఇప్పుడు తెరుచుకోలేదు.

"ఏం లేదన్నా. చాయ్ చెప్పాల్నా అంటున్న."

"చెప్పు. చక్కెర తక్కువ" అన్నాడు. అని కూడా ఇంకా నా నోటి వంకే చూస్తూ ఉన్నాడు, ఏదో రావలసి ఉన్నట్టు. నేను చాయ్ చెప్పడానికి అటు తిరిగాను.